రూతమ్మ కోసం ప్రార్థన

బహ్రెయిన్ వచ్చిన కొత్తలో నాకు తెలియని సంగతంటూ లేదని గట్టి నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు, రిఫాలో క్లినిక్ నర్సు ఉద్యోగం, పిన్ని వాళ్ళ ఫ్లాట్‌లో సొంతంగా ఒక గది. మనిషికి గర్వం రావడానికి ఇంకేం కావాలి? శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆ రోజే ఒక అద్దె విల్లాలో ఆరాధనకు కూడేది. అక్కడ పిల్లల క్లాసు పిన్నిది. కూతురికి పురుడు పోయడానికని రెండు నెలలు ఇండియా వెళ్తూ ఆవిడ ఆ క్లాసు నా చేతిలో పెట్టింది. "పిల్లలు తగ్గితే ఆ గది పాటల వాళ్ళకి ఇచ్చేస్తానంటున్నారే టైమ్ అంకుల్. పదేళ్ళుగా నడుపుతున్నాను. నేనొచ్చేసరికి నా క్లాసు నాకుండాలి, ఏవంటావ్?" అంది. (టైమ్ అంకుల్ మా సంఘ పెద్ద. గడియారం చూపించి పాస్టరుగారిని కూడా కూర్చోబెట్టగల మనిషి.)

నా బోధన మహిమ వల్ల రెండు వారాల్లోనే పద్దెనిమిది మంది పిల్లలు ఏడుగురయ్యారు. ఆ దిగులులో, క్లినిక్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో కొన్న ఒక ఇంగ్లీషు నవల గుర్తొచ్చింది. విక్టోరియా రాణి కాలంలో ఎవరో పాదిరిగారు పిల్లల కోసం రాసింది. పెద్దింట్లో పనికి కుదిరిన ఒక పిల్ల, యజమానురాలి బాధ పడలేక, మాట్లాడే గాడిదతో మంచులో పడి అమ్మ దగ్గరికి బయల్దేరుతుంది. దారిలో దేవదూతలు, రాక్షసులు, ప్రతి అధ్యాయం చివర మూడు పేజీల నీతిబోధ. నీతిబోధ వదిలేసి కథ ఎత్తుకున్నాను. ఇక్కడ పుట్టిన పిల్లలకి మంచేం తెలుసని దాన్ని ఇసుక తుఫాను చేశాను. యజమానురాలు మేడమ్ అయింది, ఆమె మేడ విల్లా అయింది. ఆ పిల్లకున్న నోరు తిరగని పేరు తీసేసి రూతమ్మ అని పెట్టాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను.) నాలుగో శుక్రవారం రూతమ్మను తుఫాను నడిమధ్యలో వదిలేసి, మిగతాది వచ్చే వారమని పిల్లల్ని హాల్లోకి పంపాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరి ప్రార్థన మనవి వాళ్ళు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. చివర్లో టైమ్ అంకుల్ వాటిని చదివి అందరి చేతా ప్రార్థన చేయిస్తారు. ఆ రోజు మా క్లాసులోని ఎనిమిదేళ్ళ రెండు జడల పిల్ల తిన్నగా వెళ్ళి ఒక చీటీ వేసింది. కాసేపటికి అంకుల్ గంభీరంగా చదివారు: "రూతమ్మ మేడమ్ ఇంట్లోంచి పారిపోయింది. ఇసుక తుఫానులో చిక్కుకుంది. గాడిద తప్ప తోడు ఎవరూ లేరు. దయచేసి ప్రార్థించండి."

హాలు హాలంతా మోకాళ్ళ మీద పడింది. ఇళ్ళల్లో పనిచేసే అక్కలు మా సంఘంలో చాలామంది. వాళ్ళు బావురుమని ఏడుస్తూ ప్రార్థిస్తున్నారు. నేను మాత్రం నన్నక్కడి నుంచి మాయం చేయమని ప్రభువును వేడుకుంటున్నాను. ఆమెన్ అనగానే ఒక అక్క, "ఏ ఊరమ్మాయండీ? మా రాజోలు వైపా?" అని లేచింది. "పాస్‌పోర్టు మేడమ్ దగ్గరే ఉండిపోయుంటదండి, పాపం" అంది ఇంకొకావిడ. "మా గదిలో నా పక్కన పడుకుంటది, తీసుకురండి" అంది మూడో ఆవిడ. కంపెనీ వ్యాను నడిపే అన్నయ్య అప్పటికే జేబులోంచి తాళాలు తీసి, "హమద్ టౌన్ వైపా అండీ? యల్లా, వెళ్దాం పదండి" అంటున్నాడు. గాడిద సంగతి ఒక్కరూ అడగలేదు.

నాకు సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది. లేచి నిలబడి, "రూతమ్మ లేదండి. పుస్తకంలో పిల్ల. పేరు నేనే పెట్టాను. ఆ మాట్లాడే గాడిద కూడా పుస్తకంలోదే" అన్నాను.

"లేని పిల్ల కోసం పది నిమిషాలు మోకాళ్ళ మీదున్నామా?" టైమ్ అంకుల్ మొహం ఎర్రబడింది. "మాట్లాడే గాడిదలేంటమ్మా మందిరంలో? ఖలాస్. వచ్చే వారం నుంచి ఆ గది పాటల వాళ్ళకే."

పిన్ని పదేళ్ళ క్లాసు నా చేతుల్లో పోయింది. అప్పుడు రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, బైబిల్లో బిలాము గాడిద మాట్లాడింది కదా?"

వెనక నుంచి ఎవరో "స్తోత్రం!" అన్నారు. హాలంతా నవ్వు. రాజోలు అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఆ గొడవంతా తర్వాతండి. ఇంతసేపు ఏడిచాం. ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి చేరిందా లేదా, ముందది చెప్పమనండి" అంది. అంకుల్ గడియారం చూసి, "ఐదు నిమిషాలు" అన్నారు.

నలభై నిమిషాలు చెప్పాను. గాడిద గుమ్మం ముందు ఆగి, "అమ్మా, తలుపు తియ్యి, నీ కూతురొచ్చింది" అనేసరికి చప్పట్లు, హల్లెలూయాలు. అంకుల్ గడియారం మర్చిపోయి కళ్ళజోడు తుడుచుకున్నారు. మరుసటి వారం నుంచి పిల్లలతో పాటు తల్లులూ క్లాసుకు రావడం మొదలైంది. పాటల వాళ్ళు వంటగదిలో సాధన చేసుకున్నారు. పిన్ని తిరిగొచ్చిన రోజు తన క్లాసులో తనకే చోటు లేక గుమ్మంలో నిలబడింది. అంత సంతోషం ఆవిడ మొహంలో మనవడి ఫొటోలు చూపించేటప్పుడు కూడా కనపడలేదు.

ఒక్క సంగతి మాత్రం పిన్నికి కూడా చెప్పలేదు. పుస్తకంలో ఆ పిల్ల ఇల్లు చేరదు. మంచులోనే కన్నుమూసి పరలోకానికి వెళ్తుంది. అంతకంటే మంచి ముగింపు లేదని పాదిరిగారు ఆరు పేజీలు రాశారు కూడా. కానీ ఇళ్ళు వదిలొచ్చిన అంతమంది అక్కలు నా నోటి వైపే చూస్తుంటే ఆ ముక్క పలకలేకపోయాను. అక్కడికక్కడే పిల్లను గాడిద ఎక్కించి వాళ్ళమ్మ గుమ్మంలో దింపేశాను. ఇప్పుడు నేను చీర రంగు ఎంచుకోవడానికి కూడా నలుగురిని అడిగే మనిషిని. పాదిరిగారి పుస్తకాన్ని నిలబడ్డ చోటే దిద్దేసిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా కలుగుతుంది.