పొట్లం కట్టిన కాగితం

ఎన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. మరో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఎనభయ్యో దశకం మొదట్లో, కార్వేటినగరంలో, మా నాయనకు కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది. మా వీధి కాంపౌండరు వచ్చి, నాలుగు మాత్రలు పొట్లం కట్టి నా చేతికిచ్చి, సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు. పొట్లం కట్టింది ఆ ఇంజెక్షను పెట్టెలో వచ్చిన కాగితంతోనే. అచ్చు కనబడితే చదవకుండా ఉండలేను. గ్లకోమా ఉన్నవారికి ఈ మందు ఇవ్వరాదని అందులో ఇంగ్లీషులో ఉంది. గ్లకోమా అంటే నీటికాసులని లైబ్రరీలో చదివాను. నాయన కంటికి ఉన్నది అదే!

"నిలుపప్పా! నాయనకు నీటికాసులుండాయి!"

"నొప్పి కడుపులో గదప్పా, కంటి కత ఎందుకు? నాలుగు బుక్కులు సదివి నాకే సెప్తాండావా?"

"వాడి మాటకేమి, నువ్వు సూదెయ్యబ్బా," అన్నాడు నాయన.

నేను కాంపౌండరు చెయ్యి పట్టుకున్నాను. "చూపు పోతే నువ్విస్తావా?"

సూది వెయ్యనివ్వకుండా, పొరుగింటి గోవిందయ్య తెచ్చిన జీపులో నాయనను చిత్తూరుకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ వేరే మందుతో నొప్పి తగ్గించి, "ఆ సూది పడుంటే కంట్లో ఒత్తిడి పెరిగి కన్నే పోయుండొచ్చు," అన్నారు.

ఆ కాగితం చదవడానికి ఇస్తారు, పొట్లాలకు కాదు!

వైద్య పుస్తకం చేతికిచ్చిన లైబ్రేరియన్ మునిరత్నం గారికి, జీపు తెచ్చిన గోవిందయ్యకు, డాక్టర్ సరోజమ్మ గారికి నా కృతజ్ఞతలు. కాంపౌండరుకు మాత్రం చెప్పను.