అవ్వ గొంతుకు తాళం

నాకు పగ ఉంది. కళ్లెదుట కనిపించే మనిషి మీద కాదు, మొహం లేని ఒక కంపెనీ మీద. మా పాస్టరుగారు ప్రతి ఆదివారం క్షమించమనే చెబుతారు. క్షమించమన్నది తోబుట్టువులను, ఇరుగుపొరుగును. ఆ కంపెనీ నాకు ఏ వరసా కాదు.

మాది లక్సెట్టిపేట. మా మిషన్ చర్చిలో పాట ఎత్తుకునేది మా అవ్వ. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. ఆమె ఒక చరణం పాడి ఆగితే మిగతా ఆడవాళ్లంతా అందుకునేవారు. ఆమె నోరు తెరవనిదే ఎవరూ మొదలుపెట్టేవారు కాదు. ఆ పాటల్లో సగం బాపు కట్టినవే. మక్క చేనుకు, అంటే మొక్కజొన్నకు, నీళ్లు పారించుకుంటూ గట్టు మీద కూర్చుని కట్టేవాడు. సంఘంలో వాళ్లంతా కలిసి అవ్వను కరీంనగర్ తీసుకెళ్లి ఒక స్టూడియోలో పాడించి సీడీ వేయించారు. అందులో ఆఖరి పాట, అవ్వ పెద్ద జబ్బు చేసి లేచినప్పుడు బాపు కట్టింది. దాన్ని పాడేటప్పుడు బాపు వైపు చూడమంటే అవ్వ సిగ్గుపడేది.

నాకు బస్టాండు దగ్గర టైపింగు, జిరాక్సు దుకాణం ఉంది. ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ ఉండేది. ఆ సీడీని అందులో పెట్టి పాటలు ఎక్కించాను. కంప్యూటర్‌తో పాటే ఆ కంపెనీ ఇచ్చిన పాటల ప్రోగ్రాంలోనే ఎక్కించాను, ఇంకోటి ఉంటుందని అప్పుడు ఎవరికి తెలుసు! ఎక్కించే చోట ఒక మూల చిన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. పాటలకు రక్షణ అట. దొంగలొస్తే కుక్క మొరుగుతుంది కదా, అలాంటిదేదో అనుకున్నాం. ఆ కుక్క ఇంటివాళ్లనే కరుస్తుందని ఎవరూ చెప్పలేదు.

బాపు చాలా సంతోషించాడు. "పాటలన్ని కంప్యూటర్ల పడ్డయి గదా, ఇగ గీ బిళ్లలెందుకు?" అని మిగిలిన సీడీలన్నీ పట్టుకెళ్లి మక్క చేనులో కర్రలకు కట్టాడు. ఎండకు అవి తళతళమంటే చిలుకలు వాలేవి కావు. అది చూసి సంఘంలో వాళ్లూ తమ బిళ్లలు తమ చేలకు కట్టుకున్నారు. మా చిన్నమ్మ, అంటే అవ్వ చెల్లెలు, ఇచ్చోడ నుంచి వచ్చి జొన్న చేనుకని కొన్ని అడిగి పట్టుకుపోయింది. అవ్వ నవ్వి, "నా పాటకు మనుషులేమో గని చిలుకలైతే పారిపోతున్నయి" అంది.

తర్వాత అవ్వ పోయింది.

మా వాళ్లలో ఏటా పోయిన మనిషి పేరున జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ప్రార్థన, పాటలు, తర్వాత మటన్ అన్నం. మొదటి ఏడు కంప్యూటర్‌కు పెద్ద స్పీకర్లు తగిలించాను. అవ్వ గొంతు పాట ఎత్తుకుంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు ఎప్పటిలాగే అందుకున్నారు. అవ్వ చర్చిలో తన చోటులోనే ఉన్నట్టు అనిపించింది. ఇకనుంచి ఏటా ఆమే ఎత్తుకోవాలని అందరం అనుకున్నాం.

ఆ వానాకాలంలో పిడుగు పడి కంప్యూటర్ లోపలి బోర్డు మాడిపోయింది. డిస్కు మాత్రం బాగుంది. రిపేరు దుకాణంవాడు దాన్నే కొత్త డబ్బాలో బిగించి ఇచ్చాడు. పాటల పేర్లన్నీ కనిపిస్తున్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. రెండో ఏడు కూడిక రోజు చాపలు పరిచారు. ఇంటి నిండా జనం. అవ్వ పాట మీద నొక్కాను. పాట రాలేదు, తెర మీద ఒక మాట వచ్చింది. ఈ ఫైలు వినే హక్కు మీకు లేదు.

మళ్లీ నొక్కాను. అదే మాట. ఆడవాళ్లు తలల మీద కొంగులు సర్దుకుని అవ్వ ఎత్తుకుంటుందని ఎదురు చూస్తున్నారు. బాపు నా వెనక నిలబడ్డాడు.

"ఏమంటున్నదే అది?"

"హక్కు లేదంటుంది బాపూ."

"ఎవలకు?"

"మనకు."

బాపు వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాట కట్టింది ఆయన, పాడింది ఆయన పెండ్లాం, కరెంటు బిల్లు కట్టేది మేము. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ రోజు పాట లేకుండానే ప్రార్థన అయిపోయింది. నా కడుపు అప్పుడు మండింది, ఇంకా చల్లారలేదు.

మర్నాడు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. పాటలకు తాళం ఉందని, ఆ తాళం మాడిపోయిన బోర్డును గుర్తుపెట్టుకుందని, కొత్త డబ్బాను పరాయిదనుకుంటోందని అక్కడి కుర్రాడు నింపాదిగా చెప్పాడు. పాట సొంతదారు అనుమతి కావాలి మేడమ్ అన్నాడు. "సొంతదారు ఈన్నే కూసున్నడు, మాట్లాడుండ్రి" అని ఫోను బాపుకిచ్చాను.

బాపు లేచి నిలబడి మాట్లాడాడు. "సార్, పాట నేనే కట్టిన. పాడింది నా ఇంటామె. ఆమె లేదు. నేను అనుమతి ఇస్తున్న సార్, జర తియ్యుండ్రి."

"సార్, అది మాకు సిస్టంలో చూపించట్లేదు" అన్నాడు ఆ కుర్రాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుణ్ణే గుడి బయట నిలబెట్టి చీటీ అడిగారు. బాపు చేత సార్ సార్ అనిపించుకున్నారు చూడండి, దానికి వాళ్లను నేను ఈ జన్మలో వదలను.

ముందు అవ్వను విడిపించుకోవాలి. స్టూడియో ఎప్పుడో మూతపడి అక్కడ కర్రీ పాయింట్ వెలసింది. మిగిలింది సీడీలే. చేను చేనుకూ తిరిగాను. ఎండకు, వానకు బిళ్లలన్నీ పొరలు రాలి గాజుపెంకుల్లా తెల్లబడ్డాయి. ఇచ్చోడ వెళితే చిన్నమ్మ జొన్న చేనులోనూ అంతే. చిన్నమ్మే, "చెల్లె కొడుకు ఊయలకు ఒకటి కట్టినట్టు యాదికున్నది. జైనూర్ పోయి చూడు బిడ్డా" అంది.

చెల్లెలంటే చిన్నమ్మ కూతురు. అడవి దారిలో బస్సు పట్టుకుని జైనూర్ వెళ్లాను. ఇంట్లో, నీడపట్టున, పిల్లవాడి ఊయల మీద తిరుగుతోంది మా అవ్వ. విప్పుతుంటే వాడు ఒకటే ఏడుపు. "తీస్కపో అక్కా, గంటె కట్టి ఊకుంచుత" అంది చెల్లె, మెరిసే గరిటె అందుకుంటూ.

గీతలు పడ్డా అది పలికింది! అవ్వ గొంతు వినగానే నా దుకాణంలో నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఒక్కో పాటను తాళాలేవీ లేకుండా ఎక్కించుకున్నాను. ఆఖరి పాట దగ్గర మాత్రం బిళ్ల గరగరమని ఆగిపోయింది. అంచున పిల్లవాడి పంటి గాట్లు. ఎన్నిసార్లు తుడిచినా, ఎవరికి చూపించినా లాభం లేకపోయింది. అవ్వ జబ్బు నుంచి లేచినప్పుడు బాపు కట్టిన ఆ పాటే రాలేదు.

అప్పుడు పగ తీర్చుకోవడం మొదలుపెట్టాను. నా దుకాణంలో అన్ని యంత్రాల నుంచీ ఆ కంపెనీ సరుకు పీకేసి, ఎవరైనా ఉచితంగా పంచుకోగల ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. డబ్బా మీద మెరిసే వాళ్ల స్టిక్కరును కత్తితో గీకి తీసి గడప ముందు నేల మీద అంటించాను. వచ్చినవాళ్లంతా దాన్ని తొక్కే లోపలికి వస్తారు. కంప్యూటర్ ఏది కొనాలని అడిగినవాళ్లకు ముందు మా అవ్వ కథ చెబుతాను. మంచిర్యాలలో ట్యూషన్ సెంటర్ నడిపే ఆయన విని, గదిలో కంప్యూటర్లన్నీ మార్పించాడు. ఆ రోజు నేను మిఠాయి తెచ్చి పంచాను. కంపెనీకి ఇది చీమ కుట్టినట్టు కూడా ఉండదని తెలుసు. అయినా కుడతాను.

తర్వాతి కూడికలో అవ్వ మళ్లీ ఎత్తుకుంది, ఆడవాళ్లు అందుకున్నారు. ఆఖరి పాట దగ్గర మాత్రం ఆగారు. పాస్టరుగారు బాపును పాడమన్నారు. "ఆమె ఎత్తుకున్నంకనే" అన్నాడు బాపు. అందరూ అన్నానికి లేచారు.

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. ఇంట్లో డబ్బా విప్పి, తాళం పడ్డ పాటలున్న డిస్కు బయటికి లాగాను. దాని లోపల అద్దాల్లాంటి పళ్లాలుంటాయి. స్క్రూలు తిప్పుతుంటే బాపు వచ్చాడు.

"ఏం జేస్తున్నవే?"

"పలగ్గొట్టి పళ్లాలు చేన్ల కడత. చిలుకలన్న బెదురుతయి."

బాపు నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. తువ్వాలతో దుమ్ము తుడిచాడు.

"నేను చేన్ల కట్టింది సాలదా బిడ్డా? గీ డిస్కుల మీ అవ్వ ఉన్నది."

వదులు చేసిన స్క్రూలు మళ్లీ బిగించాను. ఆ డిస్కు ఇప్పుడు బీరువాలో, అవ్వ కళ్లజోడు పక్కన ఉంది. ఆ పాటను మా చర్చిలో ఇప్పటికీ ఎవరూ ఎత్తుకోరు. నేను సాయంత్రాలు దుకాణం తలుపు దగ్గరేసుకుని అలాంటి పాటల తాళాలు తీయడం నేర్చుకుంటున్నాను. అవ్వ బయటికొచ్చిన మర్నాడే ఆ పళ్లాలు మక్క చేనులో వేలాడతాయి. కర్రలు కూడా కొట్టి పెట్టుకున్నాను.