జానెడు తక్కువ పెల్మెట్

మొన్న కొండాపూర్‌లో మా ఫ్లాటుకి చెక్కపని చేయిస్తుంటే, చిత్రిక పట్టిన టేకు పొట్టు వాసన ముక్కుకి తగిలి, ఉన్నట్టుండి మా నాన్న మీద కోపమొచ్చింది. పాతికేళ్ల నాటి కోపం. గడ్డిలో వేసిన మామిడికాయలా లోపల్లోపలే మగ్గుతోందన్నమాట.

తొంభైల చివర్లో మదీనాగూడలో ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వానాకాలం వెళ్తూ వెళ్తూ ఆరేసిన తంగేడు పూలు, మధ్యాహ్నం భోజనాల వేళకి ఎక్కడో రాళ్లు పేల్చే చప్పుడు, దాంతోబాటు మా పప్పుచారులో అలలు. హాలు కిటికీ ఎడమ చివర నించుంటే తొండం ముడుచుకు కూర్చున్న ఏనుగులాంటి బండ కనిపించేది. దాని వీపు మీద నేను ఆడని ఆట లేదు, చింపుకోని నిక్కరు లేదు. బెజవాడ నుంచి గృహప్రవేశానికొచ్చిన మా పెద్దమ్మ ఆ బండల్ని చూసి, "అడవిలో కట్టుకున్నారేవిటే ఇల్లు" అనేసి రైలెక్కింది. ఆ మాట అమ్మకి గొంతులో ముల్లయింది. దసరాకి పెద్దమ్మ మళ్లీ వస్తోంది. ఈలోగా హాలు కిటికీ పైన కర్టెన్ కడ్డీని కప్పే చెక్క పెల్మెట్, దానికింద కుచ్చుల కర్టెనూ పడి తీరాలని అమ్మ పంతం.

వడ్రంగి ఎందుకన్నారు నాన్న. గుమ్మాలకి మిగిలిన టేకు చెక్కలు వరండాలో పరిచి, ఆఫీసు నుంచి రాగానే లుంగీ ఎగ్గట్టేవారు. ఇక చూడండి, లోకంలో మొండి రంపాలన్నీ మా వరండాలోనే మొరాయించాయి. అన్నంలో పొట్టు, పెరుగులో పొట్టు, దేవుడి పటాల మీద పొట్టు. చెల్లి తుమ్మితే పొట్టు.

అయినా మా ఓర్పుని తినేసింది చెక్క కాదు, ఆయం. పొడవూ వెడల్పూ లెక్కగట్టి మంచీచెడూ తేల్చే ఆ వాస్తు లెక్కని జనం ఇళ్లకి చూసుకుంటారు, మహా అయితే గేట్లకి. నాన్న పెల్మెట్‌కి చూశారు. కిటికీ కొలతకి చేస్తే శునకాయం వస్తోందట. శుభమైన ధ్వజాయం రావాలంటే జానెడు తగ్గాలట. తగ్గించేశారు.

పాలు పోసే నర్సమ్మ తొంగిచూసి, "గిదేంది సారూ, చిన్న పోరని అంగీ పెద్దోనికి తొడిగినట్టున్నది" అని చక్కా పోయింది.

అమ్మ ఇంకో జానెడు ముక్క అతికించమంది. అతికిస్తే మళ్లీ శునకమే అన్నారు నాన్న. "అయితే మా అక్కకి ఏం చూపించమంటారండీ?" అంది అమ్మ. నాన్న టేపు తీసి కిటికీని మళ్లీ కొలిచారు.

"తప్పు పెల్మెట్‌ది కాదే. కిటికీది."

మర్నాడు తాపీమేస్త్రి వచ్చి, ఎడమ పక్క ఊచల వెనక జానెడు మేర ఇటుకలు పేర్చి, సిమెంటు మెత్తేశాడు. పెల్మెట్ కోసం కిటికీని కుదించిన ఇల్లు భూమండలం మీద ఇంకొకటి ఉంటే చూపించండి, వచ్చి వాళ్ల కాళ్లు కడుగుతాను. నా ఏనుగు ఆ ఇటుకల వెనక్కి వెళ్లిపోయింది. అలిగి ఆ రోజంతా అన్నం మానేశాను. తీరా చూస్తే, పొట్టు లేని అన్నం వండింది ఆ రోజే.

పండక్కి పెద్దమ్మ వచ్చింది. గారె కొరుకుతూ, "కిటికీకి ఓ పక్క ఆ గోడేవిటే?" అంది. అమ్మ ఇక నాన్నని ఉతికి ఆరేస్తుందని ఆశగా చూశాను. అమ్మ తాపీగా కర్టెన్ కుచ్చులు సవరించింది.

"ధ్వజాయం అక్కా. మీ ఇంట్లో చూపించుకోలేదా, పాపం?"

పెద్దమ్మ గారె కిందపెట్టేసింది. దీపావళికల్లా బెజవాడలో పెదనాన్న రెండు కిటికీలు మూయించారని కబురొచ్చింది.

ఏనుగు బండని ఎప్పుడు పేల్చేశారో నాకు తెలీదు. పప్పుచారు కదిలిన ఏ మధ్యాహ్నమో అయ్యుంటుంది. ఇప్పుడక్కడ అద్దాల మేడ. మా ఫ్లాటు వడ్రంగి, "పెల్మెట్లు ఇప్పుడెవరు పెడుతున్నరు సార్, కర్టెన్ రాడ్లు సీలింగుల దాస్తం" అంటే సరేనన్నాను. పాతింట్లో మాత్రం నాన్న పెల్మెట్ వెంట్రుకవాసి వంగకుండా అలాగే ఉంది, పక్కన జానెడు గోడతో సహా. హాల్లో వెలుతురు చాలట్లేదు, ఆ ఇటుకలు తీయించేద్దామా అని మొన్న ఆయనే అడిగారు.

వద్దన్నాను. అవి ఉన్నంతకాలం వాటి వెనక ఏనుగుంది.