వెనక కాళ్లు రెండంగుళాలు

పాతికేళ్లు నిండనివాళ్లకు లోకమంతా తమ చేతిలోని స్కేలుకు సరిపోతుందనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడు. కలకత్తాలో, బాలీగంజ్‌లోని ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ట్రేసరుగా చేసేదాన్ని. ఆయన పెన్సిలుతో గీసిన బొమ్మను నేను పల్చటి కాగితం మీద సిరాతో ఎక్కించాలి. తప్పు పడితే సగం విరిచిన బ్లేడుతో గీకెయ్యాలి. గీకినట్టు తెలియకుండా గీకడంలో నాకు సాటి లేరని ఆయనే అనేవారు. (ఆ మెప్పు ఎందుకు పనికొచ్చిందో చెబుతాను.)

మా దాదా, అంటే ఆ ఆర్కిటెక్టు, నేనున్న నాలుగేళ్లలో కట్టించినవి రెండు. అందులో ఒకటి కారు షెడ్డు. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం ఒక కుర్చీ. దాన్ని చెక్కింది మా నాన్న. గార్డెన్ రీచ్‌లో ఓడల వడ్రంగం చేసి రిటైరయ్యాడు, నేనే పిలుచుకొచ్చాను. 1982 ఆగస్టు 9, సోమవారం, ఒక పెద్దమనిషి కుర్చీ చూడ్డానికొచ్చి, కూర్చుని, హాయిగా వెనక్కి ఆనాడు. మరుక్షణం మాకు ఆయన చెప్పుల అడుగుభాగం కనిపించింది.

"మీ దాదాబాబు ఇందులో ఒక్కసారైనా కూకున్నాడేటమ్మా?" అన్నాడు నాన్న, ఆయన్ని లేవదీశాక.

"లేదు నాన్నా. నిలబడే గీస్తారు."

"అదీ సంగతి. సూడ్డానికి సేసినాడు."

మూడు రోజుల్లో నాన్న వెనక కాళ్లను రెండంగుళాలు వెనక్కి సాగదీసి, వంపు తిప్పి, కొత్తగా చెక్కాడు. మా ఆఫీసులో అందరికంటే బరువైన గుమస్తా ఊగి చూసినా కదల్లేదు. అందం కూడా ఆ వంపుతోనే వచ్చింది. గంగలో పడవను చూస్తుంటే ఆ వంపు తనకు తట్టిందని దాదా ఒక పత్రికకు చెప్పారు.

"నలభయ్యేళ్లు పడవల కాడే ఉన్నాను, నాకేటీ తట్టనేదు," అని నవ్వాడు నాన్న. తర్వాత కాస్త మొహమాటంగా, "నువ్వు గీసే ఆ కాయితం మీద నా పేరు కూడా ఉంటాదేటమ్మా?" అన్నాడు.

ఉంటుందని మాటిచ్చాను. కుర్చీ బొమ్మను ఢిల్లీలో ఒక డిజైన్ల పోటీకి పంపుతున్నారు; ఆ కాగితంలో, కింది గడిలో దాదా పేరు పక్కనే నాన్న పేరు చిన్న అక్షరాలతో రాశాను కూడా. దాదా చూసి కోప్పడలేదు. "మిస్త్రి పేరు రాస్తే, కలప మోసిన రిక్షావాడు ఊరుకుంటాడా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బ్లేడు తీశాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు, మెప్పు పోతుందని. (ఇన్నేళ్లూ భయమనే చెప్పుకున్నాను, లెక్క సరిచేస్తున్నాను.)

శనివారం నాన్న పనిముట్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. "ఏదమ్మా నా పేరు?" అన్నాడు. గీసినవారి గడిలో ఉన్న నా పేరు మీద వేలు పెట్టి, ఇదే అన్నాను. చెయ్యి లుంగీకి తుడుచుకుని, కాగితానికి తగలకుండా, అక్షరాల మీదుగా వేలు నడిపాడు. "బాగా రాసినావు. ఒక్కటీ వంకర నేదు." ఆ ఆదివారం చర్చిలో పదిమందికి చెప్పాడు.

కుర్చీకి బహుమతి వచ్చింది. దాదా ఆ నాలుగు కాళ్ల మీదే విదేశాల దాకా వెళ్లారు, కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చారు, మళ్లీ ఇంకేమీ కట్టలేదు.

2007 డిసెంబరులో ఆ కుర్చీని ఒక ప్రదర్శనలో పెట్టారు. నాన్న పోయి అప్పటికి పదకొండేళ్లు. చుట్టూ తాడు కట్టారు. కాపలావాడు నా నెరిసిన జుట్టు చూసి, అమ్మమ్మను పిలిచినట్టు, "దీదీమా, అందులో కూర్చోకూడదు," అన్నాడు.

"సరే బాబూ. ఇప్పుడైతే పడరులే," అన్నాను.

పక్కనే గోడమీద, అద్దం వెనక, నా కాగితం. గీకిన చోటు వెతికాను. కనిపించలేదు. అంత బాగా గీకాను. నా పేరు మాత్రం నల్లగా, నిటారుగా ఉంది. కళ్లజోడు తీసేశాను. అక్షరాలు అలికినట్టయి, ఎవరి పేరో తెలియకుండా పోయింది. అద్దం మీద వేలు నడిపి, ఇదే నాన్నా అన్నాను. నాకే నవ్వొచ్చింది. ఈసారి నాతోపాటు నవ్వడానికి ఆఫీసు లేదు.