మణి ఎక్కితే రైజయ్యే కారు

దయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నవ్వే మనిషిని నేను. ఆయుధపూజ నాడు మా ఆయన కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, పులిహోరలోకైనా పనికొచ్చేవి కదా అని గొణిగేదాన్ని. ఇప్పటికీ నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. ఇది మాత్రం నా కళ్ల ముందు జరిగింది.

మాది అనంతపురం వైపు. పెళ్లయిన కొత్తలో బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. తొంభైల చివర్లో మా ఆయన ఒక పాత పెట్రోలు కారు కొని, రైల్వే స్టేషను దగ్గర బాడుగకు తిప్పేవారు.

మాకు ఒక్కతే కూతురు, మణి. అప్పుడు రెండో తరగతి. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి దానికి గుండె దడదడా కొట్టుకునేది. గౌను పైనుంచే కనబడేది. కాసేపటికి దానంతటదే తగ్గేది. ఆసుపత్రికి చేరేసరికి ఏమీ ఉండేది కాదు. డాక్టరమ్మ ఈసీజీ తీసి అంతా బాగానే ఉందనేది. దడ వచ్చినప్పుడు తీస్తేనే తెలుస్తుంది, అప్పుడు తీసుకురండి అనేది. దడ ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు? నాకప్పటికి చదువు కూడా రాదు. అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ల తర్వాత. ఆమె రాసిచ్చిన చీటీలో మందు ఉందో, ఊరికే ధైర్యం చెప్పి పంపిందో తెలియక ఆసుపత్రి గేటు దగ్గర నిలబడిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే కారుకూ ఒక రోగం పట్టుకుంది. ఇంజను ఆపకుండా బండి నిలబెట్టినప్పుడు, ఎవరూ ఎక్సిలేటరు తొక్కకుండానే అది రైజ్ అయ్యేది, గట్టిగా మోత పెట్టేది. సిగ్నల్ దగ్గర క్లచ్ కొంచెం వదిలితే చాలు, ముందుకు దూకేది.

మెకానిక్ మునిరాజు షెడ్డు ఓల్డ్ మద్రాసు రోడ్డు పక్కన ఉండేది. అతను కార్బురేటరు విప్పి కడిగాడు. ఎక్సిలేటరు కేబులు మార్చాడు. ఎక్కడో గాలి లాగుతోందేమోనని రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. అతని ముందు మాత్రం ఇంజను మెత్తగా తిరిగేది.

"నా ముందర పెండ్లికూతురు మాదిరి తల వంచుకోనుండాది కదన్నా! నీ దగ్గరకొచ్చినాకే అత్తగారు అయితాదేమో," అని నవ్వాడు.

"నవ్వుతావులేప్పా. సిగ్నల్లో ముందరుండే బస్సును గుద్దితే అప్పుడు తెలుస్తాది," అన్నారు మా ఆయన.

నేను గమనించింది ఒక్కటే. మణి కారులో ఉన్నప్పుడే ఇంజను రైజ్ అయ్యేది. అదీ ప్రతిసారీ కాదు. అయినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉండేది. ఈ మాట మా ఆయనతో అంటే విసుక్కున్నారు.

"ఇంజను మోతకు బిడ్డ బెదురుకుంటాదే. సుమ్నే, ఊరికే ఏదో ఒకటి అనొద్దు."

అదీ నిజమేననిపించింది. ఆ మాటే పట్టుకుని కొన్నాళ్లు ఊరుకున్నాను.

ఒకరోజు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. వరుసలో చాలామంది ఉన్నారు. మణిని బెంచీ మీద కూర్చోబెట్టి, దాని స్వెటరు తేవడానికి కారు దగ్గరకు వచ్చాను. కారు పక్కకు తియ్యమని వాచ్‌మన్ అరిస్తే మా ఆయన అప్పుడే స్టార్టు చేశారు. నేను తలుపు తీశానో లేదో, ఇంజను రైజ్ అయింది. ఆయన రెండు కాళ్లూ పైకెత్తి చూపించారు.

"చూడే, కాలు కూడా పెట్టలేదు!"

కారులో మణి లేదు. ఆ మోత దానికి వినబడే దూరం కాదు.

లోపలికి పరుగెత్తాను. పిల్ల బెంచీ మూలకు ఒరిగి ఉంది. ముఖం తెల్లబడింది. గౌను మీద గుండె ఎగిరెగిరి పడుతోంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మేరీ సిస్టర్ అక్కడ డ్యూటీలో ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని, ఇప్పుడు తియ్యండి, ఇప్పుడే తియ్యండి అని లాక్కొచ్చాను. ఆమె వైర్లు పెట్టింది. కాగితం బయటికి రాగానే డాక్టరమ్మ పరుగున వచ్చింది. నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు. దడ తగ్గింది.

సరిగ్గా ఇప్పుడే వచ్చిందని నీకెలా తెలిసిందమ్మా అని డాక్టరమ్మ అడిగింది. కారు చెప్పిందని ఎలా అనను? తల్లిని కదమ్మా అన్నాను.

మందులు మొదలుపెట్టాక మణికి దడ రాలేదు. కారూ కుదుటపడింది. అదంతా కొత్త గొట్టాల మహిమేనని మునిరాజు చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాం.

ఆ తర్వాత ఏడాది పైనే గడిచింది. ఒక మధ్యాహ్నం మా ఆయన ఇంటికొచ్చి భోంచేసి, బయల్దేరదామని కారు స్టార్టు చేశారు. గుమ్మంలో ఉన్న నాకు ఆ మోత వినబడింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మణి బడిలో ఉంది. చెప్పుల్లేకుండానే వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. బడి మెట్లన్నీ ఆయనే పరుగున ఎక్కి, పిల్లను ఎత్తుకుని దిగారు.

"దించు నాన్నా! అందరూ నవ్వుతుండారు," అని అది గింజుకుంది.

నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్తే, మేరీ సిస్టర్ దానికి వైర్లు పెట్టింది. బాగుంది. కాసేపాగి మళ్లీ పెట్టింది. బాగుంది. డాక్టరమ్మ వచ్చి స్టెతస్కోపు పెట్టి విని, పాపకేమీ లేదు, నిశ్చింతగా వెళ్లండి అంది. మా ఆయన గోడ పక్కన బెంచీ మీద చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. మెట్లెక్కి దిగిన ఆయాసం అనుకున్నాను.

"బిడ్డ బాగుండాది కదే. ఇంక చాలు. కొంచెం నీళ్లు తీసుకురా," అన్నారు.

నీళ్లు తెచ్చేసరికి ఆయన తల గోడకు వాలిపోయి ఉంది. డాక్టరమ్మ, సిస్టరూ అక్కడే ఉన్నారు. మణికి పెట్టిన మిషనూ అక్కడే ఉంది. చెయ్యగలిగిందంతా చేశారు. దక్కలేదు.

ఆసుపత్రి గేటు దగ్గరున్న కారును మునిరాజు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. మెత్తగా తిరుగుతోంది. నా కోసం ఇంకొకసారి అంతా విప్పి చూడమన్నాను. చూశాడు.

"ఏమీ లేదక్కా. ఉంటే నీకు చెప్పనా?" అన్నాడు. ఆ రోజు అతను నవ్వలేదు.

మేము వెళ్లవలసిన చోటికే వెళ్లాం. సమయానికే వెళ్లాం. చూపించవలసిన మనిషి దారి పొడుగునా నా పక్కనే కూర్చుని కారు నడిపాడు. ఆయన గుండె మీద ఎవరమూ చెయ్యి పెట్టలేదు. ఆ మోత కారులో ఉన్న లోపమా, ఇంకేమైనానా అని ఎవరినైనా అడుగుదామంటే, ఏమని అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.