శుభలేఖ ముక్కంత సందు

మా గిటారు మాస్టారు పోయారని కబురు వచ్చేసరికి నేను బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోను పక్కన పెట్టి, సగంలో ఆగిన లెక్క పూర్తి చేశాను. ఏం చెప్పానో నాకే తెలియదు. ఇక ఆయనకి నిజం చెప్పే వీలు లేదన్న సంగతి ముందు తట్టింది. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

కొత్తపేటలో ఆయన పాటకచేరీ బృందంలో పదకొండేళ్లుగా బేస్ గిటారు వాయిస్తున్నాను. గిటారు ఆయనదే. "నా వేళ్లు మొండికేసేయమ్మా, నువ్వు వాయించు" అని నా చేతిలో పెట్టారు. షరతు ఒక్కటే, మెడ జోలికి నేను పోకూడదు. నాలుగు లావుపాటి తీగలు అదేపనిగా లాగుతుంటే గిటారు మెడ ముందుకు వంగుతుంది. మా కోనసీమ తేమకి ఇంకాస్త వంగుతుంది. అప్పుడు తీగలు పైకి లేచి, నొక్కిన వేళ్లు కోసుకుపోతాయి. మెడ లోపల ఒక ఇనప కడ్డీ, దాని చివర నట్టు ఉంటాయి. ఎలన్ కీ అని ఆరుపలకల వంపు కడ్డీ ఒకటి, దాన్ని నట్టు లోపల దూర్చి బిగిస్తే మెడ తిన్నగా అవుతుంది. మరీ బిగిస్తే తీగలు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లకి తగిలి గరగరలాడతాయి.

ఆయన పద్ధతి మీరు చూడవలసింది. తీగని మొదటి మెట్టు దగ్గర ఒకరు, చివరి మెట్టు దగ్గర ఒకరు నొక్కిపట్టాలి. మధ్యలో మిగిలిన సందులో శుభలేఖ అట్ట ముక్క దూర్చేవారు. మేం వాయించిన పెళ్లిళ్ల శుభలేఖలే అవి. ముక్క జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. జారితే నట్టు పావు వంతు తిప్పి ఆగేవారు.

"పావు తిప్పు, టీ తాగు. చెక్కక్కూడా కాస్త టైమివ్వాలి కదమ్మా. నువ్వేమో లెక్క చెయ్యకుండా జవాబు చూసేసే రకం. టీచరువెలా అయ్యేవో ఏంటో!"

ఆ కంగారే కొంప ముంచింది. నాలుగేళ్ల క్రితం పలివెలలో కచేరీ. మాస్టారు కళ్లు చూపించుకోవడానికి రాజమండ్రి వెళ్లారు. తీగలు చూస్తే ఇంతెత్తున ఉన్నాయి, నట్టు చూస్తే బిగుసుకుపోయింది. మా ఇంట్లో తలనొప్పి నుంచి తలుపు కీచు దాకా అన్నిటికీ కొబ్బరినూనే మందు. రెండు చుక్కలు పోసి, మా ఆయన బండి సామాన్లలో దొరికిన కీ పెట్టి బలంగా తిప్పాను. ఆ కీ ఒక పిసరు చిన్నది. నూనెకి జారి, నట్టు లోపలి అంచులు అరగ్గొట్టేసింది. వేళ్లు బొబ్బలెక్కినా ఆ సాయంత్రం అలాగే వాయించాను.

తర్వాతి వానల్లో మాస్టారు మెడ సరిచేయడానికి కూర్చున్నారు. కీ పెట్టి, ఆగి, వంగి వాసన చూశారు.

"నట్టు ముసలిదైపోయిందమ్మా" అని మాత్రం అన్నారు. మందుబిళ్లల అట్ట మీది రేకు చింపి, కీకి చుట్టి, పళ్లు బిగబట్టి తిప్పారు. ఆ తర్వాత ప్రతిసారీ అదే వరస. రేకు చుట్టడం, నా వంక ఒకసారి చూడడం.

"ఏవన్నా చెప్పాలామ్మా?"

"ఏం లేదండీ."

చెబితే గిటారు వెనక్కి తీసుకుంటారేమోనని భయం. నలభై దాటిన మనిషిని, చిన్నపిల్లలా భయపడ్డాను.

పెద్దకర్మ నాడు ఆయన ఫోటో ముందు అందరం వాయిద్దామనుకున్నాం. వారం రోజులుగా ముసురు. ఆయన ఇంటి వసారాలో గిటారు పెట్టె తెరిస్తే మెడ వంగిపోయి ఉంది. మా ఆయన బండి కీకే రేకు చుట్టి తిప్పాను. కీ ఊరికే తిరుగుతోంది తప్ప నట్టు పట్టుకోవడం లేదు. బయట మావాళ్లు మైకులు సరిచూసుకుంటూ "అయ్యిందాండీ?" అని కేకేస్తున్నారు. లోపలికెళ్లి మాస్టారి భార్య ముందు నిలబడ్డాను.

"అమ్మగారండీ, మాస్టారి కీ ఏమైనా ఉందాండీ? నట్టు పాడుచేసింది నేనే. ఆయనకి చెప్పలేదు."

"ఆయ్, తెలుసమ్మా" అన్నారావిడ. బీరువాలోంచి చిన్న డబ్బా తీసుకొచ్చారు. "కొబ్బరినూనె వాసన ఆ రోజే కొట్టిందంట. ఓ సైజు పెద్ద కీ తెచ్చి, అరిగిన నట్టుకి సరిపోయేలాగ వారం రోజులు ఆకురాయితో రుద్దేరు. 'అమ్మాయి అడిగితే ఇవ్వు, అడక్కుండా ఇవ్వకు' అన్నారు."

ముందు కోపం వచ్చింది. కీ ఇంట్లో పెట్టుకుని, నా ఎదుట రేకులు చుడుతూ ఇన్నేళ్లూ నన్ను ఉడికించారన్నమాట! ఆ తర్వాత, కబురు తెలిసిన రోజు కూడా రానంత ఏడుపు వచ్చింది.

కీ నట్టులో దిగి పట్టుకుంది. పావు తిప్పి ఆగాను. అమ్మగారు రెండు గ్లాసులతో టీ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. బయట మళ్లీ కేకేశారు. నేను టీ తాగాను.

తర్వాత ఆవిడ మొదటి మెట్టు మీద వేలు పెట్టారు, ఎన్నేళ్లు ఆయనకి సాయం పట్టారో మరి, నేను చెప్పక్కర్లేకపోయింది. చివరి మెట్టు నేను నొక్కిపట్టాను. మధ్యలో ఎవరివో వధూవరుల పేర్లు సగం తెగిన శుభలేఖ ముక్క దూర్చి, చెయ్యి తీసేశాను. అది జారలేదు.