అత్తయ్య గారి ఏడింటి కాఫీ

మా అత్తగారికీ నాకూ మధ్య ఉన్న అసలు చుట్టరికం కాఫీది. ఆవిడ కోడూరు నుంచి బందరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా తెల్లవారుజామున ఐదింటికి లేచేది మేమిద్దరమే. మా ఆవిడ ఆరున్నరకి గానీ కదలదు. అత్తయ్య గారు డికాషన్ వేస్తారు, నేను పాలు కాస్తాను. ముప్పై ఏళ్లుగా "అల్లుడు గారూ", "అత్తయ్య గారూ" అని మొహమాటపడుతూ బతికిన మేము, ఆ అరగంట మాత్రం మంచి స్నేహితులం.

ఆవిడ మెడ దగ్గర గడ్డ లేచి, అది లింఫోమా అనే కేన్సరని తేలినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. భయమేస్తే నాకు కోపమే వస్తుంది. గూడూరు హైస్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు ఎవరైనా చెప్తారు ఆ సంగతి.

విజయవాడలో డాక్టరమ్మ కీమో మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు రాసింది, అందులో లివర్‌వి కూడా ఉన్నాయి. గడ్డ మెడలో ఉంటే లివర్ గొడవ ఎందుకని నేను విసుక్కున్నాను. రిపోర్టు వచ్చింది. హెపటైటిస్ బి వైరస్ ఉందట.

"ఎన్నేళ్ల నుంచో లివర్‌లో పడుకుని ఉందండీ," అంది డాక్టరమ్మ. "కీమోతో ఒంట్లో కాపలా తగ్గుతుంది. అప్పుడిది లేచిందంటే కేన్సర్ కంటే ముందు లివర్ పాడైపోతుంది. అది లేవకుండా రోజుకో మాత్ర వేసుకోవాలి. కీమో అయిపోయాక కూడా నేను చెప్పేదాకా ఆపకూడదు. పరగడుపున వేసుకుని రెండు గంటలు ఏమీ తీసుకోకూడదు."

"కాఫీ?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాం.

"మంచినీళ్లు మాత్రమే."

మా అత్తగారి ముఖం అప్పుడు వాడినంతగా కేన్సరని చెప్పినప్పుడు కూడా వాడలేదు.

ఇంటికి రాగానే ఆవిడ తన కంచం, గ్లాసు వేరే పెట్టుకున్నారు. కలిసి తింటే ఇది అంటుకోదని డాక్టరమ్మతో ఫోన్లో చెప్పించాక గానీ మళ్లీ మాతో కూర్చుని తినలేదు. ఇంట్లోవాళ్లం మేమూ పరీక్ష చేయించుకున్నాం. మాకు లేదని తేలాక టీకాలు వేశారు. సూదంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఆవిడ నా పక్కన నిలబడి, "అటు చూడండి అల్లుడు గారూ, అయిపోయింది," అని ధైర్యం చెప్పారు. మాలో పేషెంటు ఎవరో అర్థంకాక నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

వైరస్‌ని నిద్రలోనే ఉంచుతుంది కాబట్టి ఆ మాత్రకి మా ఇంట్లో జోకొట్టే మాత్ర అని పేరు పడింది. ఐదింటికి ఆవిడ అది వేసుకునేవారు. నేను సిగ్గులేకుండా ఎదురుగా కూర్చుని కాఫీ తాగేవాణ్ణి. "తాగండి, నేను వాసన చూస్తాను," అనేవారు. ఏడింటికి ఆవిడ తాగేటప్పుడు తోడుగా ఇంకోసారి తాగేవాణ్ణి.

కీమో అయింది. స్కాన్‌లో గడ్డ లేదు. కోడూరు చర్చిలో ఆదివారం ఆరాధన చివర ఆవిడ సాక్ష్యం చెప్పారు. మావాళ్లలో జబ్బు తగ్గినవాళ్లు సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలి. తెల్ల చీర కట్టుకుని, ఇంకా పూర్తిగా మొలవని జుట్టు మీద కొంగు కప్పుకుని, "దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడండీ," అన్నారు. నేను అందరికంటే గట్టిగా ఏడ్చాను. ఆవిడ ఇక కోడూరులోనే ఉండిపోయారు.

నెల తర్వాత చెకప్‌కి తీసుకెళ్దామని ముందు రోజు సాయంత్రమే వెళ్లాను. తెల్లవారుజామున రొయ్యల చెరువుల మోటార్ల చప్పుడుకి మెలకువ వచ్చింది. అరుగు మీద కూర్చోగానే ఆవిడ రెండు గ్లాసులతో వచ్చారు. పాత రోజులు తిరిగొచ్చాయని నా ప్రాణం లేచొచ్చింది. సగం గ్లాసు తాగాక నాలోని లెక్కల మాస్టారు నిద్ర లేచాడు. ఇప్పుడు ఐదైతే, మాత్ర మూడింటికి వేసుకుని ఉండాలి.

"అత్తయ్య గారూ, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?"

ఆవిడ కోళ్ల గంప వైపు చూశారు. "సాక్ష్యం చెప్పిన రోజు నుంచి మానేశానండీ. అందరి ముందూ పూర్తిగా తగ్గిందని చెప్పి, తెల్లారి మాత్ర మింగితే దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదా?"

"ఏరు దాటాక తెప్ప తగలేస్తారటండీ!" అని అరిచాను. "అసలు మనం ఏరు దాటలేదండీ ఇంకా!" జీవితంలో మొదటిసారి మా అత్తగారి మీద అరిచాను, అదీ అండీలు పెట్టి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. ఈవిడ లేకపోతే ఐదింటికి నేనెవరితో కూర్చుంటాను? నా భయం అదీ.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే రమ్మంది. బస్సులో ఆవిడ సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. "లివర్ పోయిందంటారా అల్లుడు గారూ?" అన్నారు చిన్నగా. నా కోపమంతా కిటికీలోంచి ఎగిరిపోయింది. ఆవిడ సంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

పరీక్ష చేస్తే, వైరస్ అప్పటికే లేవడం మొదలుపెట్టింది. కామెర్లు ఇంకా రాలేదు. అదే రోజు మాత్ర మళ్లీ మొదలైంది. "మాత్ర ఆపేశారని ఎలా పట్టుకున్నారు?" అని డాక్టరమ్మ అడిగితే, "కాఫీ ఇచ్చారండీ," అన్నాను. డాక్టరమ్మ పకపకా నవ్వి, తర్వాత ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. వరసగా పరీక్షలు చేస్తూ వచ్చారు. రిపోర్టులు మామూలుకి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

అవి మామూలుకి వచ్చాక మొదటి ఆదివారమే ఆవిడ కోడూరు చర్చిలో మళ్లీ లేచారు.

"పోయినసారి సాక్ష్యం సగమే చెప్పానండీ. దేవుడు నన్ను బాగు చేశాడు, మాత్ర కూడా ఇచ్చాడు. ఆ రెండోది దాచాను. మీ ఇళ్లల్లో ఎవరికన్నా కీమో పెడుతుంటే, లివర్ వైరస్ పరీక్ష చేశారా అని ముందే అడగండి. మాత్ర ఇస్తే డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. నేను ఆపాను. మా అల్లుడు గారు నన్ను తిట్టారండీ."

చర్చి అంతా నా వైపు తిరిగింది. పాస్టరు గారు ఆమేన్ అన్నది ఆవిడ సాక్ష్యానికో, నా తిట్లకో ఇప్పటికీ తెలియదు.

ఆవిడిప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఐదింటికి మాత్ర వేసుకుంటారు. నేనూ ఎదురుగా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంటాను.

"మీకేం జబ్బండీ, మీరు తాగండి," అంటారు రోజూ.

"ఏడు కానివ్వండి అత్తయ్య గారూ, కలిసే తాగుదాం," అంటాను.